క్యారవాన్‌ని మిర్చి గోడౌన్‌లో పెట్టొచ్చాం

విజయవాడ నుంచి గుంటూరు ఎంత, 35 కిలోమీటర్లు, వారధి ఎక్కితే గంటలో దిగిపోతాం. కానీ మే నెలాఖర్లో మా బండిని గుంటూరులో పెట్టి రావడానికి తెల్లారుజామున బయల్దేరితే ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిదైంది. బండి అంటే ట్రావెలర్ వ్యాన్ కొని లోపల మంచాలు, వంటగట్టు, నీళ్ళ ట్యాంకు, చిన్న ఫ్రిజ్, బాత్రూమ్ అన్నీ పెట్టించుకున్నది. మోటర్‌హోమ్ అంటే మన దగ్గర ఎవరికీ అర్థం కాదు, క్యారవాన్ అనాలి, అనగానే "షూటింగ్ ఎక్కడండీ" అని అడుగుతారు.

అమ్మాయి డెలివరీకి మేం మినియాపోలిస్ వెళ్ళాలి, ఆరు నెలలు. ఈ ఆరు నెలలూ బండి ఎక్కడ పెట్టాలన్నదే పెద్ద బెంగ అయిపోయింది. సెల్లార్‌లో ఎత్తు సరిపోదు, రోడ్డు మీద వదల్లేం, ఓ ఖాళీ స్థలం ఆయన్ని అడిగితే నెలకి ఐదు వేలన్నాడు, పైన రేకు కూడా లేదు! పైగా మా చెల్లెలి ఇల్లు సింగ్‌నగర్‌లో. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు వాళ్ళ కారు రోజుల తరబడి మునిగే ఉంది, అదే టైంలో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కుల పైన వరద. ఆ కారు సీట్లు పిండితే బురద కారడం నా కళ్ళతో చూశాను. వానాకాలంలో బెజవాడలో పల్లంలో పెట్టే ప్రసక్తే లేదని ఆ రోజే అనుకున్నా.

చివరికి మా ఆయన కాలేజీ ఫ్రెండ్ ఫోన్ చేసి, గుంటూరులో మిర్చి యార్డు దాటాక నాకు గోడౌన్ ఉందిరా, యార్డుకి సెలవులు, సరుకంతా కోల్డ్ స్టోరేజీకి వెళ్ళిపోయింది, తెచ్చి పెట్టుకో అన్నారు.

ముందు ఆటోనగర్. అక్కడ మాకు తెలిసిన మెకానిక్ బాబు నాలుగు టైర్లకీ మామూలు కన్నా నాలుగైదు పాయింట్లు ఎక్కువ గాలి కొట్టించాడు, డీజిల్ ట్యాంక్ ఫుల్ చేయించమన్నాడు. "ఖాళీ ఉంచితే లోపల చెమ్మ పట్టి నీళ్ళు దిగుతాయమ్మా" అన్నాడు. లీటరు 97 చిల్లర, ఆరు వేల పైన అయింది, నిలబెట్టే బండికి ఇంత డీజిలా అని ప్రాణం ఉసూరుమంది గానీ పోయించాం. హ్యాండ్ బ్రేక్ మాత్రం వేసి వదలొద్దని మరీ మరీ చెప్పాడు, నెలల తరబడి లాగి ఉంచితే పట్టేస్తుందట, టైర్లకి చెక్క ముక్కలు అడ్డం పెట్టమన్నాడు. కాజ టోల్ దగ్గర మినీబస్ రేటు కోసింది, అది ఎప్పుడూ ఉండే బాధే.

గోడౌన్ షట్టర్ ఎత్తగానే ఘాటు! సరుకు లేదన్నారు గానీ నేల నిండా గింజలు, గోడలకి ఎర్రటి పొడి. నేను వరసగా తుమ్మాను, మా ఆయనకి కళ్ళలోంచి నీళ్ళు. ఆరు నెలలు ఇందులో ఉంటే పరుపులు ఏమైపోతాయో అని నాకు గుండె జారిపోయింది, వెనక్కి తీసుకెళ్ళిపోదాం అన్నాను కూడా.

అక్కడ వాచ్‌మన్ ఉన్నాడు, అరవై దాటిన మనిషి, ముప్పై ఏళ్ళు యార్డులో హమాలీగా చేశాడట. బండి లోపలికి ఎక్కి చూసి, "అమ్మా, ఈ పరుపు చెక్క మీద ఇట్టా పడుకోబెడితే కింద బూజు పడుద్ది" అన్నాడు. మూలన మిగిలిన టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, చూపించాడు. నేల మీద చెక్కలు, వాటి మీద టిక్కీలు, గోడకి జానెడు ఎడం. "గాలి తిరగాలమ్మా, గాలి ఆడకపోతే కాయ నల్లబడిపోద్ది." పోయినేడు శ్రావణంలో నలభై రోజులు బండి మూసిపెట్టి తెరిస్తే పరుపు కింద నల్లటి మచ్చలు, ఫ్రిజ్‌లోంచి ముక్కు పగిలే వాసన. అప్పట్నుంచీ వాసన ఎందుకొచ్చిందా అని నేను పడ్డ యాతనకి జవాబు అక్కడ దొరికింది.

ఇద్దరం కలిసి పరుపులు గోడకి తగలకుండా నిలబెట్టి పాత దుప్పట్లు కప్పాం. ఫ్రిజ్ తుడిచి తలుపు మూసుకోకుండా గుడ్డ మడిచి పెట్టాం. అరల తలుపులన్నీ తీసే ఉంచాం. నీళ్ళ ట్యాంకు కింద ప్లగ్ తీస్తే కాలవ కట్టింది, పంపు ఆన్ చేసి కొళాయిలన్నీ విప్పాను, అది గడగడమని ఖాళీ గాలి కక్కేదాకా ఉంచి ఆపేశాను. మా ఆయన బ్యాటరీ మైనస్ కేబుల్ ముందు తీశారు. ఫుల్ ఛార్జ్‌లో 12.7 వోల్టులు చూపించింది. దిగిపోయిన బ్యాటరీని అలాగే వదిలేస్తే లోపలి సీసం ప్లేట్లకి సల్ఫేట్ పేరుకుని ఇక ఛార్జ్ ఎక్కదు, అందుకని నెలకోసారి ఛార్జర్ పెట్టమని వాచ్‌మన్‌కి చూపించారు. గ్యాస్ సిలిండర్ బయటికి. ఎలకలకి వాచ్‌మన్ ఎక్కడ్నుంచో పొగాకు కాడలు తెచ్చి బానెట్ కింద పెట్టాడు, గుంటూరులో దానికేం కరువు! సైలెన్సర్ గొట్టంలో స్టీలు పీచు కుక్కాం. స్టార్ట్ చేసే ముందు ఈ రెండూ తీయాలని కాగితం మీద రాసి స్టీరింగ్‌కి అంటించాను, నవంబర్‌కి మాకు గుర్తుండదు కాబట్టి.

ఆఖర్న ఆ పెద్దాయన సుద్దముక్క తీసుకుని ప్రతి టైరుకీ నేల తగిలే చోట గీత గీశాడు. "నెలకోసారి నలుగురు పోరగాళ్ళని పిలిచి తోయిస్తానమ్మా, గీత పైకొచ్చేదాకా, లేకపోతే టైరు ఒకేచోట చదును పడుద్ది." డబ్బులిస్తే తీసుకోలేదు, బలవంతాన జేబులో పెట్టాం.

నాన్‌స్టాప్ బస్సులో వెనక్కొచ్చాం, ఒళ్ళో దిండు గలీబుల మూట. పక్క సీటావిడ రెండుసార్లు తుమ్మి, మిర్చి వ్యాపారమా అండీ అనడిగింది.

ఇప్పుడిక్కడ అక్టోబర్. ఎదురింటాయన తన మోటర్‌హోమ్ గొట్టాల్లోకి గులాబీరంగు యాంటీఫ్రీజ్ ఎక్కిస్తున్నాడు. నీళ్ళు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి, గొట్టాలు పగిలిపోతాయి, ఇక్కడ చలి మైనస్ ఇరవై కిందకి కూడా పోతుందిట. రోహిణి కార్తెలో రోళ్ళు పగలడం తెలుసు గానీ చలికి ఇత్తడి, ప్లాస్టిక్ పగలడం నాకు కొత్త. కాసేపు నిలబడి చూశాను. నిన్న రాత్రే వాచ్‌మన్ మనవడు వాట్సాప్‌లో ఫోటో పెట్టాడు. టైరు మీద సుద్ద గీత పైకొచ్చింది, దాని కింద కొత్త గీత, పక్కన నెల పేరు.