లూబెక్‌లో నా మార్జిపాన్ పాట్లు

డిసెంబరు మొదట్లో ఆఫీసులో అందరూ ఇంట్లో చేసిన తీపి ఏదైనా తేవాలన్నారు. నేను బడాయికి పోయి "మార్జిపాన్ చేసి తెస్తా" అన్నాను. అది ఇక్కడి బాదం మిఠాయి. జర్మనీలోని లూబెక్‌లో ఉంటూ ఆ మాట అనడమంటే ఆత్రేయపురం వాళ్లకి పూతరేకులు చేసిపెడతాననడమే. అందరూ మర్యాదగా నవ్వారు.

ఈ ఊరికి మార్జిపానే పేరు తెచ్చింది. టౌన్ హాలు ఎదురుగా నీడరెగ్గర్ దుకాణం ఉంది, 1806లో మొదలైన సంస్థ. పై అంతస్తులో మార్జిపాన్‌తో చేసిన నిలువెత్తు బొమ్మలు కూడా ఉంటాయి. 1407 కరువులో గోధుమలు అయిపోయి బాదంపప్పుతో రొట్టె చేశారనీ, అదే మార్జిపాన్ అనీ ఇక్కడ ఒక కథ చెబుతారు. బాగుంటుంది గానీ కథే.

తొక్క తీసిన బాదంపప్పూ పంచదారా కలిపి నూరిన ముద్దే మార్జిపాన్. దాన్ని పల్చగా ఒత్తి కేకు మీద కప్పుతారు, చాక్లెట్‌లో పూర్ణంలా పెడతారు, క్రిస్మస్‌కి చేసే స్టోలెన్ అనే ఎండుపళ్ల రొట్టె మధ్యలో కూరుతారు. రంగులేసి పళ్లు చేస్తారు, కొత్త సంవత్సరానికి శుభమని పందిపిల్లలు చేస్తారు. నేను ఎంచుకున్నది 'మార్జిపాన్ బంగాళాదుంపలు'. చిన్న ఉండలు చేసి కోకో పొడిలో దొర్లిస్తే అచ్చం మట్టి అంటిన దుంపల్లా ఉంటాయి. అన్నిటికంటే సులువు అనుకున్నాను.

200 గ్రాముల బాదంపప్పు వేడినీళ్లలో వేసి, తొక్క ఒలిచి, తడి ఆరకుండానే ఇండియా నుంచి మోసుకొచ్చిన మిక్సీలో వేశాను. కాజు కత్లీకి మెత్తగా ఉండాలి కదా అని ఆపకుండా తిప్పాను. జార్ వేడెక్కింది. 200 గ్రాముల పంచదార పొడి కలిపి చపాతీ పిండిలా పిసికాను. పిసికేకొద్దీ చేతులకి నూనె! ఇంకో నాలుగు చెంచాల పంచదార వేస్తే ముద్ద గట్టిపడింది గానీ నూనె ఆగలేదు. చివరికి గిన్నెలో మిగిలింది గానుగలోంచి తీసిన తెలగపిండి లాంటిదేదో.

టెన్షన్‌తో అమ్మకి వీడియో కాల్ చేశాను.

"పాకం ముదిరిందా?" అంది చూడగానే.

"దీనికి పాకమే లేదమ్మా."

"అయితే ఇది కాజు కత్లీ కాదురా, సున్నుండల జాతి. సున్నుండ పిండిని ఎవరైనా అలా పిసుకుతారా? దగ్గరికి నొక్కాలి గానీ."

నిజమే. కత్లీలో పాకం ముద్దని నిలబెడుతుంది. ఇక్కడ ఆ పని కొద్దిపాటి తడీ, బాదంలోని నూనే చేయాలి. వేడెక్కినా ఎక్కువ మర్దించినా ఆ నూనె బయటికొచ్చేస్తుంది.

మిగతాది కింది వాటాలో ఉండే పెద్దావిడ చెప్పారు. ఒలిచిన పప్పు రాత్రంతా గుడ్డ మీద ఆరబెట్టి, ఫ్రిజ్‌లో చల్లబరచాలి. సగం పంచదార పప్పుతోనే వేసి, మిక్సీ ఆపి ఆపి తిప్పాలి. తర్వాత ఒక చెంచా గులాబీ నీరు. ఫ్యాక్టరీల్లో ఈ ముద్దని రాగి పాత్రల్లో కలుపుతూ వేయించి, వెంటనే చల్లార్చుతారట. ఇంట్లో అంత అక్కర్లేదన్నారు. ఆ ప్రత్యేకమైన వాసన కోసం చేదు బాదం కొందామనుకుంటే ఆవిడే వారించారు. అందులో సయనైడ్ పుట్టించే పదార్థం ఉంటుంది, మనం చేసేది పొయ్యి ఎక్కేది కూడా కాదు. ఎసెన్స్ రెండు చుక్కలతో సరిపెట్టాను.

రెండోసారి ముద్ద కుదిరింది. పిసకలేదు, నొక్కాను. ముప్పై దాకా దుంపలు వచ్చాయి. గాలి తగిలితే ఎండిపోతాయని డబ్బాలో బిగించి పెట్టాను.

దుకాణం సరుక్కీ దీనికీ తేడా మాత్రం ఒప్పుకోవాలి. జర్మనీ నిబంధనల ప్రకారం మార్జిపాన్ మూలముద్దలో పంచదార 35 శాతం దాటకూడదు. దానికి మళ్లీ పంచదార కలిపేదాన్ని బట్టి రకాలు. నాది సగానికి సగం, అంటే ఆ మూలముద్ద కంటే తీపి ఎక్కువ. అయినా చవక ప్యాకెట్లలో బాదం బదులు ఆప్రికాట్ గింజల పప్పుతో చేసే పెర్సిపాన్ కంటే నయమే.

పెద్దావిడకి నాలుగు ఇచ్చాను. ఒకటి నోట్లో వేసుకుని, "గులాబీ వాసన ఎక్కువైంది. ఇది లూబెక్‌ది కాదు, క్యోనిగ్స్‌బెర్గ్‌ది" అన్నారు. అది అప్పటి జర్మనీ ఊరు, ఇప్పుడు రష్యాలో ఉంది. వాళ్లమ్మ 1945లో అక్కణ్నుంచి పారిపోయి వచ్చారట. ఆ ఊరి మార్జిపాన్‌ని పైన ఎర్రగా కాలుస్తారు. మిగిలిన మూడింటినీ చేత్తో అదిమి, కోకో దులిపి, పైన గుడ్డుసొన రాసి, ఓవెన్‌లో పై మంట కింద పెట్టారు. రెండు నిమిషాలు ఇద్దరం అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాం.