మెట్లెక్కినా 60 దగ్గరే

పోయినేడు చైత్ర పౌర్ణమికి అక్కవాళ్లతో కలిసి సలేశ్వరం జాతరకు పోయాను గానీ లింగమయ్యను చూడలేదు. నల్లమలలో బండ్లు ఆగే చోటు నుంచి నడక మొదలైన కాసేపటికే ఆయాసం పట్టుకుంది. కాళ్లు ముందుకు పడలేదు. చెట్టు కింద కూలబడ్డాను. "వస్తున్నం లింగమయ్యా" అని కేకలు వేసుకుంటూ ముసలివాళ్లు, చంటిపిల్లలను చంకనేసుకున్న ఆడవాళ్లు నా ముందు నుంచే పోతున్నారు. ఆ కేక వెయ్యడానికి కూడా నాకు ఊపిరి చాలలేదు. అక్క లోయలోకి దిగి దర్శనం చేసుకొని, సీసాలో పట్టుకొచ్చిన గుండం నీళ్లు నా నెత్తిన చల్లింది. ఏడుపు ఆగలేదు.

అప్పటికి నాకు పేస్‌మేకర్, అంటే గుండె మందగిస్తే కొట్టించే చిన్న మిషన్, పెట్టి ఏడాదిన్నర. మాది దేవరకొండ, కుట్టుమిషన్ మీద బతుకు. రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోతే పరీక్షలు చేసి, గుండెను కొట్టుకొమ్మని చెప్పే సైనస్ నోడ్ మందగించిందన్నారు. హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది. ఎడమవైపు కాలర్ ఎముక కింద చిన్న ఉబ్బు, అంతే. కళ్లు తిరగడం ఆ రోజుతో పోయింది. కానీ మెట్లెక్కినా, బిందె ఎత్తినా ఆయాసమే. చెకప్‌కు పోయిన ప్రతిసారీ "బ్యాటరీ బాగుంది, వైర్లు బాగున్నాయి, అంతా నార్మల్" అని పంపేవాళ్లు. నేను చెప్పేది ఎవరూ నిలబడి వినలేదు. యాభై ఏడేళ్లు వచ్చాయి కదా, వయసేమోలే అనుకొని ఊరుకున్నాను.

అసలు సంగతి మా ఊరి ఖిల్లా మీద తెలిసింది. రేచర్ల పద్మనాయకుల నాటి కోట అది. ఒక ఆదివారం చుట్టాల పిల్లలను తీసుకొని ఎక్కుతుంటే సగంలోనే రొప్పు వచ్చి రాతి గోడకు ఆనుకున్నాను. కరోనా అప్పుడు కొన్న పల్స్ ఆక్సీమీటర్ మా అబ్బాయి జేబులో ఉంది. గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో చూద్దామని నా వేలికి పెట్టాడు. 60. నిమిషం ఆగి చూశాడు, మళ్లీ 60. తన వేలికి పెట్టుకుంటే 130 దాటింది. "అమ్మా, నువ్వు మంచంలో పండుకున్నప్పుడు ఎంతో ఇప్పుడూ అంతే ఉంది" అన్నాడు. చెమటతో జాకెట్ తడిసిపోయింది, గుండెకు మాత్రం నేను కొండ ఎక్కుతున్న సంగతే తెలియలేదు.

శివరాత్రి దాటిన వారం వేరే డాక్టర్ దగ్గరికి పోయాం. టెక్నీషియన్ అబ్బాయి మౌస్ లాంటిది ఛాతీ మీద పెట్టి కంప్యూటర్ తెరిచాడు. నొప్పి ఏమీ ఉండదు. తెర మీద గడుల బొమ్మ వచ్చింది. నా గుండె కొట్టుకున్నదంతా దాదాపు 60 గడిలోనే నిలువుగా కుప్పపోసినట్టుంది, పక్క గడులు ఖాళీ. "ఇది చూస్తే మీరు నెలల తరబడి కుర్చీలోంచి లేవనట్టే ఉందమ్మా" అన్నాడు. మనిషి కదిలితే పసిగట్టి వేగం పెంచే సెన్సర్ పేస్‌మేకర్‌లోనే ఉందట, ఆన్ చెయ్యలేదంతే. ఆ మాట విన్నప్పుడు వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

సెన్సర్ ఆన్ చేశారు. పై హద్దు 130 పెట్టారు. ఇక అంతా బాగైపోతుందనుకున్నాను, కాలేదు. గుంతల రోడ్డు మీద ఆటోలో కూర్చుంటే చాలు, గుండె దడదడ. అది కుదుపును నడకనుకుంటుంది. ఖిల్లా దిగేటప్పుడు అడుగు దబ్బున పడుతుంది కదా, అప్పుడు వేగం బాగా పెరిగేది. మెల్లగా వంగి ఎక్కేటప్పుడు ఒళ్లు అంతగా కదలదు, అప్పుడేమో చాలేది కాదు. అన్నిటికన్నా భయపెట్టింది ఆగినప్పుడు. నిలబడగానే వేగం టక్కున పడిపోయి తల తేలిపోయేది. ఒక రాత్రి పాత సెట్టింగే నయమని కూడా అనిపించింది.

డాక్టర్ ముందే చెప్పారు, ఏది ఎప్పుడు జరిగిందో రాసి పెట్టమని. కొలతలు రాసుకునే నోట్‌బుక్ వెనక పేజీల్లో రాశాను: తేదీ, టైమ్, ఏం చేస్తున్నానో, వేలికి పెడితే ఎంత వచ్చిందో. రెండు వారాల తర్వాత ఆ పేజీలు చూపిస్తే డాక్టర్ ప్రతి లైనూ చదివారు. టెక్నీషియన్ నన్ను వరండాలో నడిపించి, మెట్లు ఎక్కించి దింపి, మళ్లీ మళ్లీ చూశాడు. చిన్న కుదుపులకు ఉలిక్కిపడకుండా సెన్సర్‌ను తగ్గించాడు. పై హద్దు 120కి దించాడు. ఆగిన తర్వాత వేగం నిదానంగా దిగేటట్టు పెట్టాడు. సలేశ్వరం అనగానే డాక్టర్ వద్దనలేదు. "ఇంకా మూడు వారాలుంది, రోజూ నడవండి. ఎక్కేటప్పుడు చేతులు బాగా ఊపండి, దానికి తెలియాలి" అన్నారు.

పొద్దున్నే ఖిల్లా మొదటి మలుపు దాకా, వారం తర్వాత రెండో మలుపు దాకా. ఎక్కే ముందు నిలబడ్డ చోటే కాసేపు చేతులూపుతూ అడుగులు వేసేదాన్ని. పది రోజులకు దడ తగ్గింది. సెట్టింగ్ మారింది అక్కడ ఒక్క నిమిషంలోనే, ఒంటికి అది అలవాటు కావడానికి మాత్రం ఇన్ని రోజులు పట్టింది. ప్రయాణానికి ముందు రోజు మార్పించుకొని బయలుదేరి ఉంటే ఏమయ్యేదో!

ఈ చైత్ర పౌర్ణమికి డిండి, మన్ననూరు మీదుగా పోయాం. సంచిలో పేస్‌మేకర్ కార్డు, మందులు, నీళ్లు, వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్. లోయలోకి దిగేటప్పుడు రాళ్ల మీద చిన్న చిన్న అడుగులు వేశాను. గుండం దగ్గర నీళ్లు మంచులా ఉన్నాయి. గుహలో లింగమయ్యను చూసి, చెంచు పూజారి పెట్టిన బొట్టుతో బయటికొచ్చాను.

తిరిగి ఎక్కడమే కష్టం. నాలుగుసార్లు ఆగాను. ఆగిన చోట వెంటనే కూర్చోకుండా మెల్లగా అడుగులు వేస్తూ ఉన్నాను, తల తిరగలేదు. మూడోసారి ఆగినప్పుడు వేలికి పెడితే 112. అక్క తన వేలు చాపింది, ఆమెది 126. "నాకన్నా నువ్వే నయమే చెల్లే" అని నా కొంగుతోనే నా ముఖం తుడిచింది.

పైకి చేరేముందు వెనక్కి తిరిగి లోయ వైపు చూశాను. "పోయొస్తం లింగమయ్యా" అని గట్టిగా కేక వేశాను. కింద ఎక్కుతున్న వాళ్లెవరో అందుకున్నారు.