బందరు వరండాలో 21 ఏళ్లు నిలిచిన రాజ్‌దూత్ 350

మా బాబాయి 1986లో కొన్న యమహా రాజ్‌దూత్ 350 బండి, 2003 వేసవిలో ఆయనకు బదిలీ అయినప్పుడు బందరులోని మా పాత ఇంటి పెరటి వరండాలోకి చేరి, 2024 సంక్రాంతి దాకా అక్కడే ఉండిపోయింది. పండగకు వెళ్లిన నేను దానిమీది గోనెపట్టా తీసి, నాలుగేళ్ల వయసులో పెట్రోల్ ట్యాంకు మీద కూర్చుని ఊరంతా తిరిగిన బండిని మళ్లీ నడిపిస్తానని అన్నప్పుడు, ఇంట్లో ప్రతి ఒక్కరూ "ఒక్క కిక్కు కొట్టి చూడరాదూ" అన్నవారే. బాబాయి మాత్రం కుర్చీలో కూర్చునే, "ఒరేయ్, కిక్కు జోలికి పోకు. ముందు ప్లగ్గులు విప్పి లోపల ఏముందో చూడు" అన్నారు. ఆ తరువాత 11 నెలల పాటు నేను చేసిన పనిలో, చేయించిన పనిలో తెలుసుకున్నదంతా ఆ మాటకు వివరణే కనుక, అది వివరంగా రాస్తున్నాను.

ఈ బండి గురించి తెలియనివారి కోసం రెండు మాటలు. జపాన్‌లో యమహా సంస్థ 1973లో విడుదల చేసిన ఆర్‌డీ 350ని, ఎస్కార్ట్స్ సంస్థ 1983 నుంచి మన దేశంలో రాజ్‌దూత్ 350 పేరుతో తయారుచేసింది. 347 సీసీ, పక్కపక్కనే రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్, ఆరు గేర్లు. మొదట వచ్చిన హై టార్క్ రకానికి 30 హార్స్‌పవర్ పైచిలుకు శక్తి ఉండేది. మైలేజీ కోసం కొంత తగ్గించి తరువాత తెచ్చిన లో టార్క్ రకానికి దాదాపు 27. మాది ఈ రెండో రకం. రోడ్లమీద బుల్లెట్లూ, జావాలూ, స్కూటర్లూ తిరిగే ఆ కాలంలో ఇంతటి వేగమున్న బండి సామాన్యులకు అందుబాటులో మరొకటి లేదు. లీటరుకు పాతిక కిలోమీటర్లు కూడా ఇవ్వని బండిని కొన్నందుకు మా తాతయ్య బాబాయితో వారం రోజులు మాట్లాడలేదని పిన్ని ఇప్పటికీ చెబుతుంది. ఆ దశాబ్దం ముగిసేసరికి తయారీ ఆగిపోయింది. అందుకే ఇవాళ ఒక్క బోల్టు పాడుచేసినా దానికి జత దొరకడం కష్టం.

కిక్కు ఎందుకు కొట్టకూడదో ప్లగ్గులు విప్పాక అర్థమైంది. టూ స్ట్రోక్ ఇంజన్‌లో సిలిండరు గోడకే రంధ్రాలు ఉంటాయి కాబట్టి, బండి ఆగినప్పుడు పిస్టన్ ఆ రంధ్రానికి కిందుగా నిలిచిపోతే, సైలెన్సర్ గుండా వచ్చే గాలి నేరుగా సిలిండరులోకి చేరుతుంది. బందరు గాలిలో ఉప్పు ఉంటుంది. టార్చిలైటు వేసి చూస్తే కుడి సిలిండరు శుభ్రంగానే ఉంది గానీ, ఎడమ సిలిండరు గోడమీద బొటనవేలంత మేర ఎర్రని తుప్పు పట్టింది. ఆ స్థితిలో కాలి బలమంతా పెట్టి కిక్కు కొడితే, పిస్టన్ చుట్టూ గాడిలో అతుక్కుపోయిన రింగు ఆ తుప్పుమీదుగా గీసుకుంటూ పోయి విరుగుతుంది. విరిగిన ముక్క రంధ్రంలో చిక్కుకుంటే బోరు, అంటే సిలిండరు లోపలి గోడ కూడా పనికిరాకుండా పోతుంది. అందుకని ప్లగ్గు రంధ్రాల్లో డీజిలూ టూ స్ట్రోక్ ఆయిలూ సమపాళ్లలో కలిపి పోసి, నాలుగు రోజులు ముట్టుకోకుండా వదిలేశాము. అయిదో రోజున బండిని టాప్ గేరులో వేసి, వెనక చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా కదిపితే, చాలాసేపటికి లోపల ఏదో తడిగా జారినట్టు అనిపించి, పిస్టన్లు కదిలాయి.

పండగ అయ్యాక బండిని వ్యానులో విజయవాడ తెచ్చి, ఆటోనగర్‌లో పాత టూ స్ట్రోక్ బండ్లు బాగుచేయడంలో చేయి తిరిగిన ఒక మేస్త్రి సలహా మీద, విప్పగలిగినవన్నీ ఇంటి డాబామీదే విప్పుతూ వచ్చాను. ట్యాంకులో అడుగున మిగిలిన పెట్రోలు కషాయం రంగుకు మారి, వార్నిషు వాసన వేస్తోంది. గుప్పెడు మేకులు వేసి గిలకరించి, వెనిగరు నింపి రెండు రోజులు ఎండలో ఉంచి, వంటసోడా నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టి లోపలంతా ఆయిలు పూస్తే తుప్పు వదిలింది. కడిగిన తరువాత ఒక్క పూట ఆలస్యం చేసినా కొత్త తుప్పు పడుతుంది కాబట్టి ఈ పని వర్షాకాలంలో పెట్టుకోకూడదు.

గాలీ పెట్రోలూ కలిపే కార్బొరేటర్ల దగ్గర మాత్రం పదిరోజులు గడిచాయి. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోలు అందించే, సన్నని రంధ్రమున్న ఇత్తడి ముక్క పైలట్ జెట్టు. దాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సూదిమొనంత చుక్క వెలుగు కనిపించాలి. మా రెండు జెట్లలోనూ ఆకుపచ్చని జిగురు గట్టిపడి వెలుగే కనిపించలేదు. గుండుసూది దూరిస్తే ఇత్తడి అరిగి రంధ్రం పెద్దదవుతుందని మేస్త్రి హెచ్చరించడంతో, కరెంటు వైరులోంచి ఒక్క రాగి పోగు లాగి, నానబెట్టిన జెట్టులో దాన్ని మెల్లగా తిప్పుతూ శుభ్రం చేశాను. కార్బొరేటరును ఇంజనుకు కలిపే రబ్బరు గొట్టాలు వేలితో వంచగానే పగుళ్లు విచ్చుకున్నాయి. ఇప్పుడు మనకు దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, ఆనాటి రబ్బర్లు దాన్ని తట్టుకునేవి కావు. పెట్రోలు తగిలే ప్రతి గొట్టాన్నీ, వాషరునూ మార్చడం తప్పనిసరి అని నా అభిప్రాయం. ఇథనాల్ తేమను పీలుస్తుంది కాబట్టి, నెలకు మించి నడపని పక్షంలో ట్యాంకులో పాత పెట్రోలు ఉంచకపోవడమే మంచిది.

మార్చి నెలాఖరున బండి మొదటిసారి అందుకుంది. పెట్రోలులో లీటరుకు 40 మిల్లీలీటర్ల ఆయిలు కలిపి పోసి, ఛోక్ లేపి కొడితే అయిదో కిక్కుకు రెండు సిలిండర్లూ కలిసి పలికాయి. చిన్నప్పుడు వీధి మలుపు తిరగకముందే బాబాయి వస్తున్నారని చెప్పిన శబ్దం అది. కానీ నిమిషం తిరగకుండానే తేడా తెలిసింది. గ్రిప్పు పూర్తిగా వదిలేసినా ఇంజను ఐడిలింగ్‌కు దిగకుండా, దానంతట అదే వేగం పెంచుకుంటూ పోతోంది. వెంటనే తాళంచెవి తిప్పి ఆపేశాను.

టూ స్ట్రోక్ ఇంజన్‌లో గాలీ పెట్రోలూ ముందు పిస్టన్ కిందనున్న క్రాంకు (పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు) గదిలోకి వెళ్లి, అక్కడినుంచి పైకి వస్తాయి. ఆ గదికి బయటిగాలి సోకకుండా క్రాంకు రెండు చివర్లా ఆయిల్ సీళ్లు ఉంటాయి. ఈ బండికి కుడి సీలు క్లచ్ వైపూ, ఎడమ సీలు పాయింట్ల (ప్లగ్గులో నిప్పురవ్వ ఎప్పుడు పుట్టాలో నిర్ణయించే స్విచ్‌ల) వైపూ ఉంటాయి. కుడి సీలు పోతే గేరుబాక్సులోని ఆయిలు లోపలికి పీల్చుకుపోయి సైలెన్సర్ నుంచి తెల్లని పొగ వస్తుంది, ఎవరైనా గుర్తుపట్టవచ్చు. ఎడమ సీలు పోతే లోపలికి వచ్చేది గాలి మాత్రమే. పొగ ఉండదు, వాసన ఉండదు. పైగా బండి మునుపటికంటే చురుగ్గా ఉన్నట్టు కూడా అనిపిస్తుంది. పెట్రోలు పాలు తగ్గి, దానితో వచ్చే ఆయిలూ తగ్గి, పిస్టన్ వేడెక్కి రోడ్డుమీద వేగంగా పోతుండగా సిలిండరులో పట్టేస్తుంది. ఎన్నో ఏళ్లు నిలిపిన బండి "ఒక్క కిక్కుకే స్టార్టయింది" అని సంబరపడి, అదే సాయంత్రం హైవే ఎక్కేవారికి నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన సంగతి ఇదే.

అనుమానం తీర్చుకోవడానికి మా అమ్మ పాత బీపీ మిషను అక్కరకు వచ్చింది. కార్బొరేటర్లు తీసి ఆ దారులూ, సైలెన్సర్ దారులూ సైకిల్ ట్యూబు ముక్కలతో, రేకులతో బిగించి, ఒక ప్లగ్గు రంధ్రాన్ని ప్లగ్గుతోనే మూసి, రెండోదానికి బీపీ మిషను గొట్టాన్ని అమర్చాను. రెండు సిలిండర్ల గదుల నడుమ ఉన్న సీలు పూర్తిగా గాలిని ఆపేది కాదు కనుక రెండువైపులా కలిపే పరీక్షించాలి. బుడగ నొక్కుతూ ముల్లును 300 గీతదాకా ఎక్కించాను. అది దాదాపు ఆరు పీఎస్‌ఐ ఒత్తిడికి సమానం. ఇంజను బాగుంటే ముల్లు అయిదారు నిమిషాలు పెద్దగా కదలకుండా నిలవాలి. మాది పది లెక్కపెట్టేలోగా సున్నాకు పడిపోయింది. ఎడమ కవరు విప్పి, పాయింట్ల ప్లేటు తీసి, సబ్బునీళ్లు రాసి మళ్లీ నొక్కితే, క్రాంకు చివర చుట్టూ చిన్నచిన్న బుడగలు గుంపుగా లేచాయి. వాటిని చూస్తూ నేను కొంతసేపు అక్కడే కూర్చుండిపోయాను. ఇంకో పది నిమిషాలు ఆ ఇంజన్‌ను తిరగనిచ్చి ఉంటే ఏమయ్యేదో ఆ బుడగలే చెప్పాయి.

ఇక ఇంజను దించి, కేసు రెండు భాగాలుగా విడదీయక తప్పలేదు. పాత సీలును వేళ్లతో వంచితే అప్పడంలా పుటుక్కున విరిగింది. ఇనుము 21 ఏళ్లు ఓర్చుకున్నా రబ్బరు ఓర్చుకోలేకపోయింది. క్రాంకుకున్న నాలుగు బేరింగుల్లో రెండింటిని చేత్తో తిప్పితే ఇసుక కలిసినట్టు గరగరమన్నాయి. వాటితో పాటు మిగతా రెండింటినీ మార్చి, క్రాంకును విప్పి పిస్టన్లను దానికి కలిపే కనెక్టింగ్ రాడ్లు కొత్తవి వేయించి, వంకర లేకుండా సరిచేయించాము. అది ప్రెస్సు మీద నొక్కి, అతి చిన్న తేడాను ముల్లుతో చూపే డయల్ గేజ్ పెట్టి తిప్పుతూ, రాగి సుత్తితో తట్టి చూసి, మళ్లీ తిప్పుతూ చేసే పని. ఆటోనగర్‌లో దాన్ని నమ్మకంగా చేసే లేత్ షాపు కోసం మూడు వారాలు తిరిగాను. సిలిండర్లు 0.50 మిల్లీమీటర్ల ఓవర్‌సైజుకు బోరు కొట్టించాల్సి (లోపలి గోడను ఆ మేరకు వెడల్పు చేయించాల్సి) వచ్చింది. పిస్టన్‌కూ బోరుకూ మధ్య ఉండవలసిన సందు మన తలవెంట్రుక మందం కంటే తక్కువ కాబట్టి, పిస్టన్లు ముందు చేతిలో పెట్టి, వాటిని కొలిచాకే బోరు కొట్టమనాలి. ముందు బోరు కొట్టించి తరువాత పిస్టన్లు వెతుక్కోవడం తలకిందుల పని.

ఇంజను విప్పి ఉండగానే ఆయిల్ పంపు సంగతి తేలింది. ఈ బండికి పెట్రోలులో ఆయిలు కలిపే పనిలేకుండా, గ్రిప్పు తిప్పినకొద్దీ కావలసినంత ఆయిలును ఒక్కో సిలిండరుకూ ఒక్కో గొట్టం ద్వారా పంపే పంపు ఉంటుంది. తొంభైలలో ఎవరో మెకానిక్ అది నమ్మదగింది కాదని చెప్పి, గొట్టాలు కత్తిరించి మూసేశాడు. ఆ రోజుల్లో చాలా బండ్లకు ఇదే జరిగింది. అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. ఇంజనీర్లు ఎంతో ఆలోచించి పెట్టిన ఏర్పాటును, దానిలో చిక్కిన కాస్త గాలిని బయటికి తీసే ఓపిక లేక పీకేశారు. పంపు అదృష్టవశాత్తు చెక్కుచెదరలేదు. కొత్త గొట్టాలు వేసి, గాలి తీసే స్క్రూ వదులుచేసి, బుడగ లేకుండా ఆయిలు ధారగా వచ్చేదాకా చేత్తో తిప్పి బిగించాను. నమ్మకం కుదిరేదాకా మొదటి రెండు ట్యాంకులకు పెట్రోలులోనూ కొంచెం ఆయిలు కలిపాను.

బ్రేకుల గురించి ఒక మాట. జపాన్ నుంచి వచ్చిన అసలు బండికి ముందు డిస్క్ బ్రేకు ఉండేది, మన దేశంలో తయారైన దానికి రెండువైపులా డ్రమ్ములే ఇచ్చారు. ఈ వేగానికి అవి చాలవని అప్పుడూ అనేవారు, నేనూ అదే అంటాను. చక్రం విప్పినప్పుడు ముందు బ్రేకు షూ మీది లైనింగు గోటితో గీకితే ఊడి వచ్చింది. బయటినుంచి చూస్తే అది కొత్తదానిలా మందంగా ఉంది, కాని జిగురు చచ్చిపోయింది. టైర్లు కూడా గాడులు నిండుగా ఉన్నా రాయిలా గట్టిపడ్డాయి. రెండూ మార్చాను.

రిజిస్ట్రేషన్ 2006లోనే ముగిసిపోయింది. 1989కి ముందరి మూడక్షరాల పాత నంబరు కావడంతో రికార్డు వెతికించి కంప్యూటర్‌లో ఎక్కించుకోవడానికి కొన్నిసార్లు తిరగాల్సి వచ్చినా, తనిఖీ అయ్యాక అయిదేళ్లకు పొడిగించారు. అసలు ఆర్‌సీ పుస్తకం పిన్ని తన పట్టుచీరల పెట్టెలో దాచబట్టి ఆ పని అయింది.

డిసెంబరు మొదటి వారంలో ఇంజను ఎక్కించి, మళ్లీ బీపీ మిషను పెట్టాను. ముల్లు 300 దగ్గర ఆరు నిమిషాలు నిలిచింది. ఒక్కో సిలిండరుకూ వేర్వేరుగా ఉన్న పాయింట్లను డయల్ గేజ్ పెట్టి, పిస్టన్ పైకొసకు సుమారు 2 మిల్లీమీటర్ల ముందు తెరుచుకునేలా సరిచేశాము. ఆ రోజు బాబాయి బందరు నుంచి బస్సులో వచ్చారు. మోకాళ్ల నొప్పుల వల్ల ఆయన కిక్కు కొట్టలేరు. మూడో కిక్కుకు అందుకుంది. గ్రిప్పు వదలగానే వేగం మెత్తగా దిగి, ఒకే తీరుగా నిలబడింది. ఆయన రెండు సైలెన్సర్ల వెనకా అరచేతులు పెట్టి, కళ్లు మూసుకుని కాసేపు విని, "ఎడమది ఒక పిసరు బలహీనంగా ఉందిరా, కేబుల్ చూడు" అన్నారు. చూస్తే ఎడమ కార్బొరేటరు కేబులు నిజంగానే అర మిల్లీమీటరు వదులుగా ఉంది.

ఇప్పటికి 340 కిలోమీటర్లు తిరిగింది. కొత్త పిస్టన్లు కుదురుకోవాలి కాబట్టి మొదట్లో పది నిమిషాలు నడిపి, పూర్తిగా చల్లారనిచ్చి, మళ్లీ నడుపుతూ వచ్చాను. 800 దాటేదాకా గ్రిప్పు సగానికి మించి తిప్పను. నిన్న ఉదయం బందరు రోడ్డుమీద ఉయ్యూరు దాకా వెళ్లివచ్చి ప్లగ్గులు విప్పితే రెండూ ఇటుకపొడి రంగుకు దగ్గరగా, ఒకేలా ఉన్నాయి. ఫోటో తీసి బాబాయికి పంపాను. స్పీడోమీటరు కేబులూ, కుడి సైలెన్సర్ క్రోమియం పూతా ఇంకా మిగిలి ఉన్నాయి.