ఈఆర్-4పి: కుడివైపు మాయమవుతున్న 3.3 డెసిబెల్స్

దొరికింది! నా పాత ఎటిమోటిక్ ఈఆర్-4పి ఇయర్‌ఫోన్‌లో కుడివైపు శబ్దం తగ్గడానికి కారణం దొరికింది. కుడివైపు డ్రైవర్ (శబ్దం పుట్టించే భాగం) చావలేదు, ఫిల్టర్ మూసుకుపోలేదు, టిప్ జారలేదు. మూడు వారాల వేటకి జవాబు 13 ఓమ్‌లు. షెల్ సాకెట్లో పిన్ను ఆనే చోట అదనంగా చేరిన రెసిస్టెన్స్ అది. అయితే దొరకడం వేరు, బాగవడం వేరు. శుభ్రం చేసిన ఐదో రోజుకే 1.9 డెసిబెల్స్ తేడా మళ్లీ వచ్చి కూర్చుంది. అందుకే ఈసారి మిగతావన్నీ పక్కన పెట్టి ఈ ఒక్క లోపం గురించే రాస్తున్నాను. పాత ఎటిమోటిక్‌లు వాడేవాళ్లలో చాలామంది దీన్ని ఫిల్టర్ మీదకి నెట్టేసి, మంచి ఫిల్టర్లు దండగ చేసుకుంటున్నారని నా నమ్మకం.

ముందు చెవికి ఎలా తెలిసిందంటే, మామూలుగా ఒక ఛానల్ తగ్గితే గొంతు మొత్తంగా రెండోవైపు జరుగుతుంది. ఇక్కడ అలా కాదు. గొంతులోని ఒళ్లు ఎడమకి జరిగింది, "స", "చ" లాంటి ఊదుడు శబ్దాలు మాత్రం నడిమధ్యనే నిలిచాయి. తంబూరా ఒక్కటే పెట్టి వింటే ఇంకా స్పష్టం: మంద్ర షడ్జం ఎడమ చెవి దగ్గర, జీవాళి మెరుపు తల మధ్యలో. ఒకే తీగ రెండు చోట్ల మోగుతున్నట్టు ఉంటుంది. ఈ లక్షణం వినగానే అనుమానం ఎటు పోవాలో ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియలేదు.

711 తరహా కప్లర్‌లో (చెవి నాళాన్ని పోలిన కొలత గొట్టం) కొలిచిన తేడాలు ఇవి. కుడివైపు ఎంత తక్కువంటే: 100 హెర్ట్జ్ దగ్గర 3.6 డెసిబెల్స్, 1 కిలోహెర్ట్జ్ దగ్గర 3.3, 3 దగ్గర 1.9, 5 దగ్గర 1.0, 10 దగ్గర 0.3. యాంప్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్ (కరెంటుకి దాని సొంత అడ్డు) 1 ఓమ్ లోపే. రెండు వైపులా టిప్ లోతు సర్దింది కంటి అంచనాతో కాదు, కప్లర్ రెజొనెన్స్ శిఖరం రెండింటిలో ఒకే ఫ్రీక్వెన్సీ దగ్గరకి వచ్చేదాకా. ఇది చేయకపోతే 6 కిలోహెర్ట్జ్ పైన పోలికకి అర్థమే లేదు. ఈఆర్-4 ఎంత లోతుకి పోతే ఆ శిఖరం అంత పైకి జరుగుతుంది. అర మిల్లీమీటరు తేడా కూడా గీతలో కనిపిస్తుంది.

మొదటి అనుమానం, అందరిలాగే, ఫిల్టర్. రెండు వైపులా కొత్త ఆకుపచ్చవి వేశాను. ఎడమవైపు 2.7 కిలోహెర్ట్జ్ దగ్గర 0.2 మారింది. కుడివైపు తేడా ఒక్క పిసరు కదల్లేదు. అసలు గీత ఆకారం చూసినప్పుడే ఆగాల్సింది. ఫిల్టర్‌కి గుబిలి పట్టినా, తేమ పట్టినా ముందు పడిపోయేది 2–3 కిలోహెర్ట్జ్ మధ్య ఉన్న శిఖరం, దాని పైన ఉన్న ట్రెబుల్. బేస్ చివరిదాకా నిలబడుతుంది. ఇక్కడ జరిగింది దానికి పూర్తి తలకిందులు. ఫిల్టర్ల మాట వచ్చింది కాబట్టి: 1500 ఓమ్ (ఈ ఓమ్ గాలికి ఉన్న అడ్డు, కరెంటుకి కాదు) ఆకుపచ్చ డాంపర్ పేరుతో వచ్చే చవక రకాలు ఈ ఇయర్‌ఫోన్‌లో పెట్టొద్దు. ఒకే పాకెట్‌లోని రెండింటి మధ్యే ఒకటిన్నర డెసిబెల్ తేడా చూశాను. నోల్స్ కంపెనీవో, ఎటిమోటిక్ సొంతవో తప్ప మిగతావి నమ్మలేం.

రెండో అనుమానం సీల్. బేస్ తగ్గింది కదా, గాలి లీక్ అవుతోందేమో అనిపించడం సహజం. దీన్ని తేల్చడానికి ఎడమవైపు కావాలనే లీక్ పెట్టాను: టిప్ పక్కన 0.3 మి.మీ. రాగి తీగ దూర్చి స్వీప్ (కింది ఫ్రీక్వెన్సీ నుంచి పైదాకా వరసగా మోగించి కొలవడం) చేస్తే 20 హెర్ట్జ్ దగ్గర 9 డెసిబెల్స్, 100 దగ్గర 3 పడిపోయాయి, 500 దగ్గర ఏమీ లేదు. లీక్ అంటే వాలు. ఎంత కిందికి వెళ్తే అంత పోతుంది. కుడివైపు మాత్రం 20 నుంచి దాదాపు 1000 హెర్ట్జ్ వరకూ బల్లపరుపుగా తగ్గి, అక్కడి నుంచి మెల్లగా ఎడమ గీతని కలుస్తోంది. ఇది గాలి చేసే పని కాదు.

మూడోది డ్రైవర్. కిందపడిన దెబ్బకి ఆర్మేచర్ (డ్రైవర్ లోపల కదిలే రేకు) పక్కకి ఒరిగితే స్థాయి తగ్గుతుంది, కానీ దానితోపాటు వక్రీకరణ పెరగాలి. 100 హెర్ట్జ్ దగ్గర రెండు వైపులా వక్రీకరణ సమానంగా ఉంది. అది కూడా కొట్టేశాను.

ఇక మిగిలింది కరెంటు దారి. ఇక్కడే మల్టీమీటర్ దారి తప్పించింది. జాక్ దగ్గర ఎడమ 25.3, కుడి 25.6 ఓమ్‌లు. ఇంత బాగుంటే కేబుల్‌ని ఎవరు అనుమానిస్తారు? ఒక వారం ఇక్కడే పోయింది. తర్వాత అర్థమైన కారణాలు రెండు. ఒకటి, మీటర్‌తో కొలిచేటప్పుడు కేబుల్ బల్ల మీద వాలి ఉంది. కప్లర్‌లో కిందికి వేలాడుతూ పిన్నుని పక్కకి లాగుతోంది. షెల్ దగ్గర కేబుల్‌కి 20 గ్రాముల బరువు కట్టి, మీటర్‌ని కనిష్ఠ–గరిష్ఠ రికార్డింగ్‌లో పెడితే 27 నుంచి 38 దాకా ఊగింది. రెండోది ఇంకా ఆసక్తికరం. మీటర్ పెట్టి తీసిన వెంటనే స్వీప్ చేస్తే తేడా 3.3 నుంచి 1.2కి పడింది, గంటన్నరలో మళ్లీ 3 దాటింది. చిలుము పొర మీద మీటర్ వోల్టేజ్ పడగానే ఆ పొర కొంత చిట్లిపోతుంది. పాట వినేటప్పుడు ఈ ఇయర్‌ఫోన్‌కి చేరేది కొన్ని మిల్లీవోల్టులే, ఆ పొరని అవి చీల్చలేవు. రిలే, స్విచ్ కాంటాక్టులని 20 మిల్లీవోల్టులు దాటకుండా పరీక్షించే పద్ధతి ఉన్నది ఇందుకే. మామూలు మీటర్‌తో ఇయర్‌ఫోన్ కాంటాక్ట్ బాగుందని తేల్చడం పొరపాటు.

తేల్చింది ఇంపీడెన్స్ స్వీప్. 100 ఓమ్‌ల రిఫరెన్స్ రెసిస్టర్, సౌండ్ కార్డ్ రెండు ఇన్‌పుట్లు, తక్కువ వోల్టేజ్, కేబుల్ వేలాడుతూనే. 1 కిలోహెర్ట్జ్ దగ్గర ఎడమ 26.9, కుడి 39.3. పేటికలో రాసిన 27 ఓమ్‌లకి ఎడమ సరిగ్గా సరిపోయింది. రెండు గీతల ఫేజ్ కూడా తీసి విడదీస్తే, 20 హెర్ట్జ్ నుంచి 10 కిలోహెర్ట్జ్ వరకూ తేడా ఒక్కటే: 13 ఓమ్‌ల శుద్ధ రెసిస్టెన్స్. ఇక గీత ఆకారం దానంతట అదే విడిపోయింది. ఇందులోని బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ రకం డ్రైవర్ కాయిల్‌కి ఇండక్టెన్స్ (ఫ్రీక్వెన్సీతో పాటు పెరిగే అడ్డు) ఎక్కువ. ఈ జతలో లెక్కకి సుమారు 1.6 మిల్లీహెన్రీ. కింద 25 ఓమ్‌లకి 13 తోడైతే కరెంటు మూడో వంతు పోతుంది. 10 కిలోహెర్ట్జ్ దగ్గర కాయిల్ ఇంపీడెన్స్ వంద దాటుతుంది కాబట్టి ఆ 13 లెక్కలోకి రాదు. లెక్క కడితే 3.6, 3.3, 1.9, 1.0, 0.3 అనే అంకెలే వచ్చాయి. కొలతా లెక్కా ఇలా ఒకదానిమీద ఒకటి పడినప్పుడు కలిగే సంతోషం వేరు.

ఈ లోపం ఇన్నాళ్లు ఎందుకు దాగిందో కూడా దీంతోనే తెలిసింది. పి మోడల్‌ని ఈఆర్-4ఎస్ మోడల్ లాగా వినిపించే 75 ఓమ్‌ల అడాప్టర్ ఉంటే మొత్తం దారి 100 ఓమ్‌లు. అందులో 13 చేరితే పోయేది ఒక డెసిబెలే. అడాప్టర్‌తో వింటే చెవికి ఆనదు, తీసేస్తే బయటపడుతుంది. 1991లో ఈఆర్-4ఎస్ 100 ఓమ్‌లతో వచ్చింది, వాక్‌మన్‌లాంటి వాటికి సరిపోయేలా 27 ఓమ్‌ల పి తర్వాత చేరింది. పాతబడే కాంటాక్టుల విషయంలో ఎస్సే గట్టిది. పి కొనేవాళ్లు, అడాప్టర్ లేకుండా ఒకసారి తంబూరా పెట్టి విన్నాకే డబ్బు ఇవ్వండి.

13 ఓమ్‌లు కేబుల్‌లోనా, షెల్‌లోనా? ధ్రువాలు మారకుండా చూసుకుని ప్లగ్గులు అటూ ఇటూ మార్చాను. ధ్రువాలు తిరగబడితే మధ్యలో నిలవాల్సిన గొంతు చెదిరి తల చుట్టూ పరుచుకుంటుంది, దాంతో పరీక్ష పాడవుతుంది. కుడి ప్లగ్గు ఎడమ షెల్‌లో: తేడా 0.3. ఎడమ ప్లగ్గు కుడి షెల్‌లో: 2.9. అంటే లోపం కుడి షెల్‌ని వదలడం లేదు. కానీ కేబుల్‌కీ వాటా ఉంది. ఇది అసలు కేబుల్ కాదు, బయట కొన్న రకం. మైక్రోమీటర్‌తో కొలిస్తే దీని పిన్ను పాత అసలు కేబుల్ పిన్ను కంటే 0.04 మి.మీ. సన్నం. ఏళ్ల తరబడి తీసి పెట్టిన సాకెట్ స్ప్రింగుకి ఆ నాలుగు వందో వంతులు చాలు, పట్టు పోవడానికి. జాక్ దగ్గర పోగులు తెగి మూలన పడున్న అసలు కేబుల్‌కి కొత్త జాక్ వేసి పెట్టి చూస్తే మొదటిరోజు 0.4, ఆరో రోజు 0.9. సగం జబ్బు పిన్నుది, సగం సాకెట్‌ది.

శుభ్రం చేసిన తీరు: గాలపు నైలాన్ దారం 0.5 మి.మీ.ది తీసుకుని, కొసని 400 నంబరు గరుకు కాగితంతో పీచులా చేసి, 99 శాతం ఐసోప్రొపైల్‌లో ముంచి సాకెట్లో పదిసార్లు తిప్పాను. సాకెట్ నోరు కిందికి ఉండి తీరాలి. లోపలే డ్రైవర్ ఉంది, ద్రవం అటు జారితే అంతే. పది నిమిషాలు ఆరాక పిన్నుకి డీఆక్సిట్ (కాంటాక్టులు శుభ్రం చేసే మందు) ఒక్క చుక్కలో సగం, అదీ అగ్గిపుల్ల కొసతో. స్ప్రే మాత్రం వద్దు. డబ్ల్యూడీ-40 అసలే వద్దు, అది కాంటాక్టుల మందు కాదు. ఫలితం: ఆ రోజు 0.3, రెండో రోజు 0.5, ఐదో రోజు 1.9, తొమ్మిదో రోజు 3.1. గదిలో తేమ 80 శాతం పైనే ఉంది, సముద్రపు ఉప్పు గాలి దీనికి తోడు.

మళ్లీ శుభ్రం చేసి ఈసారి సిలికా జెల్ ఉన్న గాలి చొరని డబ్బాలో పెట్టాను. ఐదో రోజుకి 0.6 మాత్రమే. తేమే దోషి అనాలనిపిస్తుంది కానీ తొందరపడకూడదు. డబ్బాలో ఉన్న ఐదు రోజులూ ఎవరూ చెవిలో పెట్టుకోలేదు, నడవలేదు, కేబుల్ ఊగలేదు. వదులు పిన్ను మైక్రాన్ల మేర రాపిడి పడుతూ తన పొడిని తానే ఆక్సైడ్ చేసుకునే ఫ్రెటింగ్ కూడా సరిగ్గా ఇలాగే కనిపిస్తుంది. నా మొగ్గు ఫ్రెటింగ్ వైపే: మీటర్ తగలగానే తేరుకుని గంటన్నరలో మళ్లీ చెడటం నిదానంగా పట్టే తేమ చిలుముకి కుదరదు.

పిన్నుని విల్లులా కొద్దిగా వంచి పట్టు పెంచే చిట్కా చాలామంది చెబుతారు. బయటి కేబుల్ మీద చేసి చూశాను, నాలుగు రోజులు 0.4 దగ్గర నిలిచింది. అయినా సిఫారసు చేయను, సాకెట్ నోరు శాశ్వతంగా సాగిపోతుంది. పిన్నుకి సోల్డర్ పూత పూసి లావు చేయడం ఇంకా తప్పు: తగరం, బంగారం రాసుకునే చోటే ఫ్రెటింగ్ మరీ వేగం.

మిగతా పనులు సాఫీగా అయిపోయాయి. 75 ఓమ్, 1 శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లతో కొత్త అడాప్టర్ చేశాను, రెండు ఛానళ్ల తేడా 0.05 లోపు. టిప్స్‌లో పాత మూడంచెల సిలికాన్‌కే నా ఓటు. ఫోమ్ హాయిగానే ఉంటుంది కానీ వానాకాలంలో చెమట పీల్చి ఫిల్టర్ పక్కనే తేమ మూట కడుతుంది.

ఇకపై మొదటి పరీక్ష: శుభ్రం చేసి, డబ్బా బయట, ఎవరూ ముట్టకుండా ఐదు రోజులు. తేడా 0.6 దగ్గరే ఆగితే తేమ నిర్దోషి. రెండోది, అసలు కేబుల్ ప్లగ్గునీ షెల్‌నీ కలిపి 6 మి.మీ. హీట్ ష్రింక్ తొడిగి కదలిక ఆపడం. వేడి గాలి డ్రైవర్‌కి తగలకుండా నాజిల్ వైపు తడిగుడ్డ చుట్టాలి. ఈ రెండూ ఫలించకపోతే సాకెట్ తీసేసి ఐదు సెంటీమీటర్ల తోక వైరు నేరుగా సోల్డర్ చేసి, దాని చివర ఎమ్ఎమ్‌సీఎక్స్ అనే చిన్న గుండ్రటి కనెక్టర్ పెట్టాలి. 2016లో వచ్చిన 45 ఓమ్‌ల ఈఆర్4ఎస్ఆర్‌కి ఎమ్ఎమ్‌సీఎక్స్ ఇచ్చారు. గిరగిరా తిరిగే ఆ కనెక్టర్ మీద నాకు పెద్ద ప్రేమ లేదు కానీ, తోక చివర ఉంటే పాడైనా మార్చుకోవచ్చు, షెల్ జోలికి పోనక్కర్లేదు. ఐరన్ 330 డిగ్రీలు, ఒక్కో ప్యాడ్ మీద ఒకటిన్నర సెకను. ముందు చచ్చిన వినికిడి యంత్రపు డ్రైవర్ మీద పదిసార్లు చేయి తిప్పాలి. ఈ డ్రైవర్ల కాయిల్ తీగ వెంట్రుక కంటే సన్నం, రెండోసారి అవకాశం ఇవ్వదు. ఆ పనికి ముందు రెండు షెల్స్ ఇంపీడెన్స్ గీతలు కేబుల్ లేకుండా, సాకెట్లోకి నేరుగా ప్రోబ్ పెట్టి తీసి దాచుకోవాలి. అది ఈ ఆదివారం పని.