ముప్పై ఒకటో తారీఖు

మా అత్తమ్మకు ఒక సంచి ఉంది. ఎనుమాముల మార్కెట్‌లో మా ఆయన గుమస్తాగా పనిచేసే అడ్తి దుకాణం పేరు అచ్చువేసిన గుడ్డ సంచి. నాలుగు చీరలు, బీపీ గోళీలు, దువ్వెన, తంబాకు డబ్బీ అందులో పడతాయి. మూడేళ్లు ఆ సంచి నెలనెలా హన్మకొండ నుంచి పరకాల దగ్గరి మా ఊరికి, మళ్లీ ఊరి నుంచి హన్మకొండకు తిరిగింది. దాన్ని పట్టుకొని ఆమె తిరిగింది.

2020 చివర్లో మామ పోయారు. దినాలు అయిపోయిన మరునాడే పెద్దమనుషులు కూర్చొని తేల్చారు. ఒక నెల చిన్నకొడుకు దగ్గర, ఒక నెల పెద్దకొడుకు దగ్గర. మా దిక్కు దీన్ని వంతు అంటారు. చానా ఇండ్లల్లో ఉన్నదే కాబట్టి నాకూ అప్పుడు తప్పనిపించలేదు. జనవరి మాకు వచ్చింది.

ఏడాది గడిచాక మా ఆయన గోడ మీది క్యాలెండర్ దింపి లెక్కపెట్టాడు. జనవరి, మార్చి, మే, జూలై, సెప్టెంబర్, నవంబర్ మావి, మొత్తం 184 రోజులు. అన్నవి 181. "ఏడాదికి మూడు దినాలు మనమే ఎక్కువ సాదుతున్నం" అన్నాడు. అప్పటినుంచి ముప్పై ఒకటో తారీఖు ఎవరిది అనే లొల్లి మొదలైంది. "ముప్పైనాడే వచ్చి తోలుకపొమ్మను" అని ఈయన. "అవ్వకు గూడ తారీఖులు లెక్కపెడతరా?" అని ఆయన. అత్తమ్మ సంచి ఒళ్లో పెట్టుకొని గడప పక్కన కూర్చొని అన్నీ వినేది. ఒక్క మాట అనేది కాదు. ఆ లెక్క తప్పని నేనూ అనలేదు. మిషన్ తొక్కుకుంటూ నా మనసులో నేనూ అదే లెక్క వేశాను. ఇది రాయడానికి నాకు చాలా కాలం పట్టింది.

అన్నదమ్ములకు మాటలు బందయ్యాయి. కానీ నెలాఖరుకు ఎవరో ఒకరు ఫోన్ చేయాలి కదా. ఆ పని మా బిడ్డకు పెట్టాం. "పెద్దనాన్నకు ఫోన్ చేసి చెప్పు, రేపు పొద్దున బాపమ్మను తీస్కపొమ్మని." అవతల నుంచి వచ్చిన మాటలు వినేది ఆ పిల్లే, మళ్లీ వాళ్ల నాన్నకు చెప్పేదీ ఆ పిల్లే. కొన్ని మాటలు మింగేసి చెప్పేదట. అది నాకు చాలా తర్వాత తెలిసింది.

2023లో బిడ్డ ఇంటర్ ఫస్టియర్‌లో చేరింది. జూలై చివర్లో ఒక రోజు అన్నం ముందు కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకు ఒరిగింది. పళ్లు గిట్టకరిచి, పిడికిళ్లు బిగించి, పది నిమిషాల దాకా పలకలేదు. ఆగస్టులో మళ్లీ. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించాం. మూడోసారి వచ్చినప్పుడు పెద్ద డాక్టరుకు చూపించాం. స్కాన్ తీశారు, తలకు వైర్లు పెట్టి ఈఈజీ తీశారు. అన్నీ బాగానే ఉన్నాయన్నారు. మా ఆయనకు కోపం వచ్చింది. "అంటే ఇది నాటకమాడుతున్నదా?" అన్నాడు. డాక్టరు బిడ్డ ముందరే గట్టిగా చెప్పాడు, "నాటకం కాదు. కావాలని చేస్తలేదు. మూర్ఛ కాదని తేలింది, సంతోషమే. మనసు మోయలేనిది ఒంట్లోకి దిగుతది. ఇంట్ల ఏమన్న లొల్లులున్నయా?" ఇద్దరం తల దించుకున్నాం. చీటీ మీద కౌన్సెలింగ్ అని రాసిచ్చాడు.

కౌన్సెలింగ్ అంటే మాకు తెలిసినవి రెండే. ఒకటి ఎంసెట్ ర్యాంకు వచ్చినంక సీటు కోసం పోయేది. రెండోది పోలీస్ స్టేషన్లో తాగి బండి నడిపినోళ్లకు, కొట్లాడుకున్న మొగుడుపెళ్లాలకు ఇచ్చేది. "మనమేం తప్పు జేసినమని కౌన్సెలింగ్?" అని మా ఆయన రాలేదు. సద్దుల బతుకమ్మకు ముందు, బ్లౌజుల గిరాకీ మీదున్న రోజుల్లో, మిషన్ మూసిపెట్టి నేనూ బిడ్డా పోయాం.

చిన్న గది. మూడు కుర్చీలు, ఒక బల్ల. మేడమ్ బిడ్డతో ఒక్కదానితో ముప్పావుగంట మాట్లాడింది. నేను బయట కూర్చొని ఏం చెప్తుందోనని చెమటలు పట్టి చచ్చాను. తర్వాత నన్ను పిలిచి, "తను చెప్పింది తన అనుమతి లేకుండ మీకు గూడ చెప్పనండి, తన ప్రాణానికి ముప్పు అనిపిస్తే తప్ప" అన్నది. మొదట నాకు రోషం వచ్చింది, కన్నతల్లిని నేను. కానీ ఆ మాట విన్నప్పుడు బిడ్డ మొహం కొంచెం వదులవడం కళ్లారా చూశాను. మన ఊర్లలో పొద్దున చెప్పిన ముచ్చట పొద్దుగూకే సరికి బోరింగు కాడికి చేరుతుంది. చెప్పింది చెప్పినచోటనే ఉండే జాగ ఒకటుందని ఆ పిల్లకు మొదటిసారి తెలిసింది.

ఫిట్స్ వచ్చిన తారీఖులు రాసుకు రమ్మన్నది మేడమ్. ఇంటికొచ్చి అదే క్యాలెండర్ మీద గుర్తులు పెట్టాను. జూలై 31. ఆగస్టు 30. అక్టోబర్ 1. పెన్ను పట్టుకొని అట్లనే నిలబడిపోయాను. మూడూ అత్తమ్మ సంచి కదిలిన రోజులు. మూడూ బిడ్డ ఫోన్ పట్టుకున్న రోజులు.

మళ్లీ అక్టోబర్ నెలాఖరు వచ్చింది. ఆ రాత్రి భయంతో నాకు నిద్ర పట్టలేదు. మేడమ్ రాసిచ్చిన 14416 నంబరుకు ఫోన్ చేశాను. అది మనసు బాధలకు సాయం చేసే ఫోన్ లైను, టెలి మానస్. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టింది, పైసలు పడవు, రాత్రీపగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. అవతలి ఆమె నా పేరు కోసం పట్టుబట్టలేదు. ఫిట్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, చుట్టూ మూగి ఏడవకండి అని నెమ్మదిగా చెప్పింది. పొద్దున బావగారికి నేనే ఫోన్ చేశాను. మూడేళ్లలో అది మొదటిసారి. ఆ నెల ఫిట్ రాలేదు.

మా ఆయన మూడోసారికి వచ్చాడు, పత్తి సీజన్లో దుకాణం విడిచి. కూర్చోగానే, "తప్పెవరిదో మీరే చెప్పుండ్రి మేడమ్" అన్నాడు. "అది నా పని కాదండి" అన్నది. ఆయన తెల్లబోయాడు. మాకు తెలిసినదంతా పంచాయతీనే. పంచాయతీలో ఇద్దరూ చెప్తారు, పెద్దమనిషి తీర్పిస్తాడు, ఒకరు గెలుస్తారు, ఓడినాయన కడుపులో పెట్టుకుంటాడు. మా వంతు కూడా అట్లా పుట్టిందే. ఇక్కడ తీర్పు లేదు. మేడమ్ తెల్లకాగితం మీద మా కుటుంబాన్ని గీసింది. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్నా, నడుమ గీతలు. అన్నదమ్ముల నడుమ గీత తెగి ఉంది. రెండు వైపుల గీతలూ వచ్చి మా బిడ్డ సున్నాకు తగిలాయి. "మీ ఇద్దరి తీగలు ఈ పిల్లలోంచి పోతున్నయి" అన్నది. అంతే అన్నది. మా ఆయన ఆ కాగితం దిక్కు చాలాసేపు చూశాడు.

తర్వాత మామ చదరం మీద వేలు పెట్టి మాట్లాడటం మొదలుపెట్టాడు. తను పదో తరగతి పాసయ్యాక, అన్నను టీచర్ ట్రైనింగ్‌లో చేర్చడానికి తనను దుకాణంలో కూర్చోబెట్టారట. జీతం ఆరేళ్లు బాపు చేతిలో పెట్టాడట. అన్నకు సర్కారు నౌకరి వచ్చింది. భూమి పంచినప్పుడు చెరి రెండెకరాలు. "నాకు ఎకరం ఎక్కువ రావాలని కాదు మేడమ్. నువ్వు చదువు ఇడిసిపెట్టినవ్ రా అని అన్న ఒక్కసారన్న అనాలె." పందొమ్మిదేళ్ల కాపురంలో ఈ మాట నేను వినలేదు. ఆ మూడు రోజుల లెక్క ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడు అర్థమైంది. ఆరేళ్ల జీతం అడగలేక మూడు రోజులు అడిగాడు మా ఆయన.

మొత్తం ఎనిమిదిసార్లు పోయాం. అన్నీ బాగా జరగలేదు. ఒకసారి దారిలోనే కొట్లాడుకొని నక్కలగుట్ట దగ్గర బండి దిగిపోయాను. మేడమ్ నేర్పిన వాటిలో మా ఇంట్లో నిలిచినది ఒకటుంది. కోపం మీదికొస్తే "అరగంట" అని చెప్పి బయటకు పోవాలి, కానీ అరగంటకు తిరిగివచ్చి ఆ మాట పూర్తిచేయాలి. మా ఆయన ఇదివరకు పోయేవాడు, తిరిగొచ్చి మాట్లాడేవాడు కాదు.

ఒక ముచ్చట చెప్పాలి. నా దగ్గర బ్లౌజులు కుట్టించుకునే ఒక చెల్లె, చెయ్యి మీద కమిలిన మచ్చ కొంగుతో కప్పుకుంటూ, "అక్కా, మా ఆయనను గూడ ఆడికి తీస్కపోనా?" అని అడిగింది. మేడమ్‌ను అడిగితే వెంటనే ఆపింది. కొట్టే ఇంట్లో ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టొద్దు, అక్కడ చెప్పిన నిజానికి ఇంటికి పోయినంక దెబ్బలు తినాల్సి వస్తుంది, ముందు ఆమె భద్రత చూడాలి అన్నది. ఆపదలో ఉన్న ఆడవాళ్ల కోసం ఉన్న 181 ఫోన్ నంబరు, సఖి కేంద్రం, 2005 నాటి గృహహింస చట్టం గురించి చెప్పింది. ఆ చెల్లె 181కు ఫోన్ చేసింది నా మిషన్ పక్కన కూర్చొనే.

బావగారిని కూడా రమ్మన్నాం. "మాకేమన్న పిచ్చా?" అన్నాడు, రాలేదు. బంధువు ఒకాయన అత్తమ్మతో, తల్లిదండ్రులను సాదాలనే 2007 చట్టం ఉంది, ఆర్డీఓ దగ్గర కాయిదం పెడితే కొడుకులిద్దరూ దారికొస్తరు అన్నాడు. నిజంగానే ఉంది ఆ చట్టం, బువ్వ పెట్టని పిల్లలున్న తల్లిదండ్రులకు అది అవసరం కూడా. అత్తమ్మ మాత్రం "కన్నకొడుకుల మీద కాయిదం పెట్టనా బిడ్డా? నన్ను ఎవ్వలన్న అడిగిండ్రా, నేనేడ ఉంటనో?" అన్నది. నిజమే, అడగలేదు. పెద్దమనుషులు అడగలేదు, కొడుకులు అడగలేదు, నేను అడగలేదు.

ఆ రాత్రి మా ఆయన ఆమె మంచం పక్కన కూర్చొని అడిగాడు. వానకాలం ఊర్లో ఉంటే మోకాళ్లు గుంజుతాయట, ఇక్కడే ఉంటానన్నది. పత్తి ఏరేటప్పుడు ఊరికి పోతానన్నది. అన్నకు తనే ఫోన్ చేసి చెప్పాడు. రెండు నిమిషాలే మాట్లాడుకున్నారు, పెట్టేశాక చేతులు వణికాయి ఆయనకు. చదువు మాట ఆయన ఎత్తలేదు. అన్న ఇప్పటిదాకా అనలేదు.

2024 జూలై 31 బుధవారం. ఆయన పొద్దున్నే మార్కెట్‌కు పోయాడు. బిడ్డ కాలేజీకి పోయింది. ఫోన్ టీవీ పక్కన చార్జింగ్‌లో ఉండి ఒక్కసారి కూడా మోగలేదు. అత్తమ్మ గడప దగ్గర కూర్చొని, ఒళ్లో చాట పెట్టుకొని, రాత్రి వండే బియ్యంలో రాళ్లు ఏరింది. సంచి ఇంట్లో మేకుకు వేలాడుతూ ఉంది.