అమ్మ చెయ్యి ఎన్నిసార్లు తిరిగింది

"బిడ్డా, నువ్వు చదివేది ఏ ఇంజినీరింగు? మోటార్లు బాగుచేసేదా?" మొన్న ఆలేరులో పెళ్లికి పోతే పెద్దనాయన అడిగాడు. ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ అన్నాను. ఫ్యాక్టరీలు కట్టే చదువనుకుని తలూపాడు. బంతిలో కూర్చుని సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నా: మనిషి చేసే పనిలో వృథా శ్రమ, వృథా టైం తగ్గించే చదువు ఇది.

మాది మగ్గం ఇల్లు. నా చిన్నప్పుడు అమ్మ చేత్తోనే ఆసు పోసేది, అంటే రంగులద్దే ముందు చీర దారాన్ని మేకుల మీద వరుసగా చుట్టేది. ఒక పక్క మేకు, ఎదురుగా అర్ధచంద్రంలా వరుసగా మేకులు. పేకను, అంటే చీరలో అడ్డంగా నేసే దారాన్ని, అటూ ఇటూ తిప్పుతూనే ఉండాలి. ఒక్క చీరకు దాదాపు 9 వేల సార్లు, నాలుగైదు గంటలు. రాత్రయితే కొబ్బరినూనె వెచ్చచేసి అమ్మ భుజానికి రాసేదాన్ని. జాకెట్ తొడుక్కోవడానికి చెయ్యెత్తినా ఆమెకు నొప్పే.

మా ఉమ్మడి నల్గొండ జిల్లా ఆయనే చింతకింది మల్లేశం, వాళ్లమ్మ లక్ష్మిగారి బాధ చూడలేక లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు. ఇప్పుడు గంటన్నరలో ఒక చీర ఆసు అయిపోతుంది. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. పెద్ద చదువులు చదవలేదు గానీ, ఆయన మొదలుపెట్టిన చోటే నా సబ్జెక్టు కూడా మొదలవుతుంది: పనిచేసే మనిషిని దగ్గర కూర్చుని చూడటం.

అమెరికాలో ఫ్రాంక్ గిల్‌బ్రెత్ అలాగే ఇటుక పనిని చూశాడు. ఒక్క ఇటుక పెట్టడానికి 18 కదలికలు. ఇటుకలు నడుము ఎత్తులో అందేలా పరంజా అమర్చి, వాటిని 5కు తెచ్చాడు. మేస్త్రీకి ప్రతి ఇటుకకూ వంగే బాధ తప్పింది. అదే కాలంలో ఫ్రెడరిక్ టేలర్ అనే అమెరికా ఇంజినీరు స్టాప్‌వాచ్‌తో పనిని కొలిచాడు, 1911లో దాని మీద పుస్తకం రాశాడు. ఈ శాస్త్రానికి ఆయన్నే పితామహుడంటారు. నాకు మాత్రం గిల్‌బ్రెత్, ఆయన భార్య లిలియనే ఎక్కువ నచ్చుతారు. ఆమె సైకాలజీ చదివింది. మనిషి ఎందుకు అలసిపోతాడన్నది వాళ్లిద్దరూ పట్టించుకున్నారు.

ఇంకో సగం చదువంతా ఆగిపోయిన టైం గురించే. పోయిన వేసవిలో పది రోజులు నోట్‌బుక్ పట్టుకుని నాన్న మగ్గం పక్కన కూర్చున్నా. నేసిన టైం, ఆగిన టైం రాసుకున్నా. మగ్గం ఎక్కువసార్లు ఆగింది రంగులద్దిన పేక ఆరకపోవడం వల్లే. తర్వాతి చీర పేకకు రెండు రోజుల ముందే రంగులు వేయడం మొదలుపెట్టాం. తొందర లేదు కాబట్టి, అమ్మ ఇప్పుడు ఆ పని మిట్టమధ్యాహ్నం కాకుండా పొద్దున చల్లపూట చేసుకుంటోంది.