ఆవకాయ సీసాకి పాతకాలపు బొమ్మల లేబుల్

పాత టీ పొట్లాల, బిస్కెట్ డబ్బాల బొమ్మల అందమంతా రంగుల పొదుపులోనే ఉంది. అప్పటి రాతి అచ్చులో (బొమ్మని రాతి పలక మీద గీసి అచ్చు వేసే లిథోగ్రఫీలో) ఒక్కో రంగుకి ఒక్కో రాయి కావాలి. రంగు పెరిగితే ఖర్చూ పెరుగుతుంది.

ఆవకాయ లేబుల్‌కి పసుపు, ఎరుపు, ముదురు నీలం చాలు. కంప్యూటర్‌లో బొమ్మ గీసేటప్పుడు ఒక్కో రంగుని ఒక్కో పొరలో వేసి, పై పొరలకి మల్టిప్లై (కింది రంగుతో కలిసిపోయే పద్ధతి) పెట్టండి. పసుపు మీద ఎరుపు చుక్కలు పడితే నారింజ అవుతుంది, నీలం చుక్కలు పడితే మామిడికాయ ఆకుపచ్చ వచ్చేస్తుంది. నీడ వైపు చుక్కలు లావుగా, వెలుగు వైపు సన్నగా ఉండాలి. అంగుళానికి 50-65 చుక్కల వరసలైతే చుక్క కంటికి ఆనుతుంది, 150 పెడితే కలిసిపోయి మామూలు ఫొటోలా తయారవుతుంది. నలుపు గీత వద్దు, నీలం గీతలోనే ఆ కళ ఉంది.

పాత అచ్చులోలా రంగు కాస్త పక్కకి తప్పినట్టు కనిపించాలంటే ఎరుపు పొరని అర మిల్లీమీటరు పక్కకి జరపండి. అంతకు మించితే బొమ్మ చెదురుతుంది. అక్షరాలు మాత్రం ఒకే రంగులో ఉంచాలి, లేకపోతే ఒత్తులు అలుక్కుపోతాయి.

పాతగా కనిపించాలని చాలామంది పైన గోధుమరంగు మరకలు పులుముతారు. అది తప్పు. ఆ లేబుళ్లు కొత్తలో ధగధగలాడేవి!

గరుకు కాగితం నూనె పీల్చేస్తుంది. మ్యాట్ లామినేషన్ (మెరుపు లేని పల్చటి ప్లాస్టిక్ పొర) వేయించినా కత్తిరించిన అంచుల్లోంచి నూనె ఎక్కుతుంది కాబట్టి లేబుల్‌ని మూతకి బాగా కిందగా అంటించండి. శాకాహార గుర్తులోని ఆకుపచ్చని మాత్రం పసుపు మీద నీలం చుక్కలతో కాక నిండు రంగుతోనే వేయించాలి.